అమ్మబడును: ఒక ఫ్లాటు ప్రకటనకు టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథ సూరి మన మెదక్ సీమవాడు, కోలాచలం ఇంటిపేరువాడు. మూలంలో ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకుని మరీ ఆయన ఘంటం పట్టాడు. ఆయన తిరిగిన నేల మీద ఇవాళ గజాల లెక్కన బేరాలు సాగుతున్నాయి గానీ, ఆ ఒట్టు సంగతి ఇళ్లు అమ్మేవాళ్ల చెవిన పడినట్టు లేదు. అందుకే ఆదివారం పేపర్లోనూ, రోజూ వాట్సాప్ గ్రూపుల్లోనూ కనిపించే ఒక ప్రకటనను తీసుకుని ఈ వ్యాఖ్యకు పూనుకున్నాం. ప్రకటన కర్త ఎవరని అడగొద్దు. ఇలాంటివి అపౌరుషేయాలు. పేట పేరూ అంకెలూ మార్చుకుని అందరూ ఇదే వల్లిస్తారు.

మూలం

అమ్మబడును. కూకట్‌పల్లిలో మెట్రోకు కూతవేటు దూరంలో 1,450 ఎస్‌ఎఫ్‌టి, 3 బీహెచ్‌కే, ఈస్ట్ ఫేసింగ్, 100% వాస్తు, మంజీర వాటర్, క్లియర్ టైటిల్, స్పాట్ రిజిస్ట్రేషన్. అర్జెంట్ సేల్. ధర 95 లక్షలు, స్లైట్లీ నెగోషియబుల్. బ్రోకర్లు క్షమించాలి.

ఛందస్సు: మాటకింత అని పేపరువాళ్లు డబ్బు తీసుకుంటారు కనుక గణాలు రూపాయల్లో కుదిరాయి. రసం: పైకి వీరం, లోపల భయానకం.

ప్రతిపదార్థం

అమ్మబడును = ఎవరో అమ్ముతారు. ఎవరన్నది కవి చెప్పలేదు. కర్మణి ప్రయోగంలో కర్త దాక్కోవచ్చు గానీ సబ్ రిజిస్ట్రార్ ఎదుట దాక్కోలేడు. దస్తావేజులో ఎందరి పేర్లుంటే అందరూ వచ్చి వేలిముద్ర వేయాలి. ఇల్లు నాన్నగారి పేరున ఉండి, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే చిక్కు మరో మెట్టు ఎక్కుతుంది. ఆయన సొంతంగా సంపాదించిన ఇల్లయితే భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికి ఉంటే ఆయన తల్లీ వారసులే. “చెల్లెలికి పెళ్లప్పుడే ఇచ్చేశాం కదండీ” అన్న వాక్యం మన ఇళ్లలో చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ ఆఫీసులో చెల్లదు.

తమ్ముడు డాలస్‌లో ఉంటే? పవర్ ఆఫ్ అటార్నీ పంపమంటాం. ఇండియన్ కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి అతను పంపిన కాగితానికి, మన దేశం చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. అది బీరువాలో పెట్టి, బేరం కుదిరాక తీసి చూసుకుని లబోదిబోమనేవాళ్లున్నారు. పైగా ప్రవాసి వాటా మీద కొనేవాడు కోసుకోవలసిన పన్ను, ఇక్కడివాళ్లకు కోసే ఒక్క శాతం కాదు, చాలా ఎక్కువ. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, దానికి వారాలు పడుతుంది. కనుక ఇల్లు అమ్మాలనుకున్నవాడు మొదట ఫోన్ చేయవలసింది పేపరాఫీసుకు కాదు, తమ్ముడికి.

మెట్రోకు కూతవేటు దూరంలో = కూత ఎంత దూరం వినిపిస్తుందో అంత దూరంలో. ఇక్కడ వ్యాఖ్యాతలకు మతభేదం ఉంది. కూసేది మనిషి అని కొందరు, మెట్రో రైలే అని కొందరు. కూసే సమయం తెల్లవారుజామా, సాయంత్రం ఆరింటికా అన్నదీ తేలలేదు. కేపీహెచ్‌బీ రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి పక్కవాడి కూతే వినపడదు. కొనేవాడు మాత్రం ఏ మతమూ పట్టించుకోకుండా ఫోన్లో మ్యాప్ తెరుస్తాడు. నడిచి చూసి, పన్నెండు నిమిషాలైతే పన్నెండని రాయండి. పన్నెండు నిమిషాలకు ఎవడూ పారిపోడు. కూతవేటని చదివి వచ్చి పన్నెండు నిమిషాలు నడిచినవాడు మాత్రం, ఇక మీరు చెప్పే ప్రతి మాటనూ టేపు పెట్టి కొలుస్తాడు.

1,450 ఎస్‌ఎఫ్‌టి = ఈ పదం దగ్గర వ్యాఖ్య కొంచెం పెరుగుతుంది, పాఠకులు ఓర్చుకోవాలి. ఈ 1,450లో ఇంటి లోపలి నేల ఉంది, బయటి గోడల మందం ఉంది, బాల్కనీ ఉంది, మెట్లు, లిఫ్టు, కారిడార్లలో మన వంతు ఉంది. కొన్ని చోట్ల వాచ్‌మన్ గది కూడా. మంచం వేసుకోవడానికి పనికొచ్చేది వేరే అంకె. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కార్పెట్ ఏరియాకు నిర్వచనం ఇచ్చింది: ఇంటి లోపల వాడుకునే నేల, లోపలి అడ్డుగోడలతో కలిపి. బయటి గోడలు, పైపులు వెళ్లే షాఫ్టులు, బాల్కనీ, ఓపెన్ టెర్రస్ అందులోకి రావు. చట్టం ప్రకారం కొత్త ప్రాజెక్టులు అమ్మే బిల్డర్లు ఆ లెక్కే చెప్పాలి. పాత ఫ్లాటు అమ్ముకునే సామాన్యుడికి ఆ నిర్బంధం లేదు, కనుక మన కవి పెద్ద అంకెనే పట్టుకున్నాడు.

కానీ కొనడానికి వచ్చే కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. లేజర్ మీటరు జేబులో పెట్టుకుని వస్తాడు. మాస్టర్ బెడ్‌రూమ్ గోడకు ఆనించి ఒక్కసారి నొక్కుతాడు, ఎర్ర చుక్క ఎదుటి గోడ మీద పడుతుంది, ఫోన్లో రాసుకుంటాడు. మూడు గదులూ హాలూ అయ్యాక పైకి ఏమీ అనడు. “బాగుందండీ, ఇంట్లో మాట్లాడి చెప్తాం” అంటాడు. ఆ మాటకు తాత్పర్యం వేరే చెప్పనక్కర్లేదు. మొత్తం విస్తీర్ణం, కార్పెట్ ఏరియా, భూమిలో విభజించని వాటా, అదే మనవాళ్లు యూడీఎస్ అనేది గజాల్లో, ఈ మూడు అంకెలూ ముందే రాసేస్తే అతని మీటరు మీ తరఫున సాక్ష్యం చెబుతుంది.

ఈస్ట్ ఫేసింగ్, 100% వాస్తు = గ్రంథవిస్తర భీతిచేత వదిలేస్తున్నాం. దిక్సూచి కూడా అందరి ఫోన్లలోనూ ఉంది.

మంజీర వాటర్ = మంజీర నది నుంచి వచ్చే మంచినీళ్లు. ఇక్కడ “వేసవి మినహా” అని అధ్యాహారం చేసుకోవాలి. ఏప్రిల్లో బోరు ఎండితే ట్యాంకరు వస్తుంది, దాని ఖర్చు మెయింటెనెన్సులో పడుతుంది. ఈ అధ్యాహారం కొనేవాడికి ఎలా తెలుస్తుందని శంక. సమాధానం: ఈ ప్రకటనకు మనకంటే ముందే వ్యాఖ్యానం చెప్పినవాడు ఒకడున్నాడు, అతనే వాచ్‌మన్. ఇల్లు చూసి వెళ్లే ప్రతివాడూ గేటు దగ్గర ఆగి బండి స్టార్ట్ చేస్తున్నట్టు నటిస్తూ అతన్ని మూడు ప్రశ్నలడుగుతాడు: నీళ్లెలా ఉన్నాయి, అసోసియేషన్లో గొడవలున్నాయా, ఈ ఫ్లాటు ఎన్నాళ్లుగా అమ్మకానికుంది. వాచ్‌మన్ ఏ పదానికీ అలంకారం చేర్చడు.

ఆ ఫ్లాటులో చిన్న బాత్రూం పక్క గోడకు చెమ్మ ఉంది. మూలంలో ఈ మాట లేదు. ప్రకటనకు ముందు రోజు దాని మీద పుట్టీ పెట్టి, తెల్ల రంగు కొట్టి, దానికి అడ్డంగా బట్టల స్టాండు నిలిపారు. కొత్త రంగు వాసన ఒక్క గోడ దగ్గరే వస్తుంటే ఎవరికైనా చెయ్యి ఆ స్టాండు మీదికే పోతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అమ్మేవాడికి ఒక ధర్మం విధించింది: కొనేవాడు మామూలు శ్రద్ధతో కనిపెట్టలేనిదీ, తనకు తెలిసినదీ అయిన పెద్ద లోపాన్ని, అది ఇంటిలోదైనా హక్కులోదైనా, చెప్పి తీరాలి. చెమ్మ చిన్నదా పెద్దదా అన్న చర్చ వకీళ్లకు వదిలేద్దాం. ప్లంబరును పిలిచి పైపు బాగు చేయించి రసీదు చేతికిస్తే ఆ ఖర్చు వేలల్లో పోతుంది. స్టాండు వెనక దొరికితే బేరం లక్షల్లో దిగుతుంది.

క్లియర్ టైటిల్ = ఏ వివాదమూ లేని హక్కు, అని వాచ్యార్థం. దీనికి కాగితాలే ప్రమాణం. ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీస్తే రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. రిజిస్టరు కాని అగ్రిమెంటూ, కోర్టులో నడిచే దావా అందులో కనబడకపోవచ్చు. అందుకని లింకు డాక్యుమెంట్లు, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఆస్తి పన్ను రసీదు, అసోసియేషన్ బాకీ లేదన్న లెటరు ఒక ఫైల్లో వరసగా పెట్టుకోవాలి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద చేతులు మారిన ఇల్లయితే మరింత జాగ్రత్త. అలాంటి కాగితంతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

ఇక్కడ చాలామంది తడబడేది తనఖా దగ్గర. బ్యాంకు అప్పు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, స్వీట్లు కూడా పంచి ఉంటారు, ఈసీలో మాత్రం తనఖా అలాగే కూర్చుని ఉంటుంది. రిలీజ్ డీడ్ రిజిస్టరు చేయిస్తే గానీ అది లేవదు. అప్పు ఇంకా ఉంటే తప్పు కాదు. మిగిలినది ఎంతో బ్యాంకు నుంచి లెటరు తీసుకుని చూపిస్తే సరి, కొనేవాడి బ్యాంకు నేరుగా ఆ బాకీ తీర్చి ఒరిజినల్స్ తీసుకుంటుంది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో కాగితాలు తిరిగి ఇవ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలని రిజర్వు బ్యాంకు నియమం 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అప్పు దాచి క్లియర్ అని రాసిన కవికి ఈ సదుపాయాలేవీ అక్కరకు రావు.

స్పాట్ రిజిస్ట్రేషన్ = స్లాటు దొరికిన రోజున, పైన చెప్పినవాళ్లంతా వస్తే.

అర్జెంట్ సేల్ = ఇది అలంకారశాస్త్రంలో చెప్పని దోషం. అమ్మేవాడు దీన్ని గుణమనుకుంటాడు. చదివేవాడికి మాత్రం “ఈయనకు డబ్బు కావాలి, ఇంకో నెల ఆగితే ఇంకొంచెం దిగుతాడు” అని ధ్వనిస్తుంది. నెల తర్వాత అదే ప్రకటన అవే మాటలతో మళ్లీ వస్తే ధ్వని ఇంకా బలపడుతుంది. కొట్టేయండి.

ధర 95 లక్షలు, స్లైట్లీ నెగోషియబుల్ = 95 అని చెప్పి ఎంతో కొంత తగ్గుట. ఎంత? ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. అదే ఫైనల్ సిట్టింగులో కొంప ముంచుతుంది. ఇంటాయన సోఫాలో నిటారుగా కూర్చుని తొంభై అయిదుకు రూపాయి తగ్గనంటూ ఉంటాడు. కాఫీ కప్పులు తెచ్చిన బావమరిది అమాయకంగా, “మొన్నటివాళ్లు ఎనభై ఎనిమిదికి వచ్చారుగా బావా” అంటాడు. ఇక ఆ గదిలో ధర అదే. కనీసం ఎంతకిస్తామన్నది సంతకం పెట్టవలసినవాళ్లంతా ముందే తేల్చుకోవాలి, సంతకం అక్కర్లేనివాళ్లను ఆ పూట సినిమాకు పంపాలి.

“వైట్ ఎంత, క్యాష్ ఎంత” అన్న ప్రశ్నా ఇక్కడే వస్తుంది. ఇంటి అమ్మకం మీద 20,000 రూపాయలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడం 2015 జూన్ నుంచి నిషిద్ధం. పుచ్చుకున్నంతా జరిమానాగా పోవచ్చు, అదీ పుచ్చుకున్నవాడికే. ధర 50 లక్షలు, అంతకు మించి ఉంటే కొనేవాడు 1 శాతం పన్ను కోసి ప్రభుత్వానికి కడతాడు. 95 లక్షలకు 95 వేలు. ఇది అగ్రిమెంటులో రాయకపోతే రిజిస్ట్రేషన్ రోజున “ఈ తక్కువేంటి” అని అరుపులు మొదలవుతాయి. ఏసీలు, గీజర్లు, ఇన్వర్టరు ఉంటాయా తీసుకెళ్తారా, ఇల్లు ఏ తేదీకి ఖాళీ చేస్తారు అన్నవీ రాయాలి. కోటి రూపాయల బేరం కిచెన్ చిమ్నీ దగ్గర ఆగిపోవడం ఈ నగరంలో వింత కాదు.

బ్రోకర్లు క్షమించాలి = బ్రోకర్లు ఫోన్ చేయరాదు. దీని ఫలం విపరీతం. పొద్దున ఆరున్నరకు మొదటి ఫోన్ వస్తుంది: “సార్, ఓనరేనా మాట్లాడేది? నా దగ్గర జెన్యూన్ పార్టీ ఉంది సార్.” మధ్యాహ్నానికి ఆ ఫ్లాటు నాలుగు గ్రూపుల్లో నాలుగు ధరలకు తిరుగుతుంటుంది. ఒకదాంట్లో ఫోటోలు ఈ ఇంటివి కూడా కావు.

ఏజెంట్లు అనవసరమని మా సిద్ధాంతం కాదు. ఓనరు మొహమాటపడే మాటలు, “రంగు వేయించండి సార్, ఆ ధర రాదు సార్” అన్నవి, మంచి ఏజెంటు నిర్భయంగా చెబుతాడు. కానీ ఆ మంచి ఏజెంటుకు కొన్ని గుర్తులుండాలి. రెరా ప్రాజెక్టుల్లో అమ్మేవాడైతే తన రిజిస్ట్రేషన్ నంబరు అడగకముందే చెప్పాలి. కమీషన్ ఎంతో, రెండు వైపులా తీసుకుంటున్నాడో లేదో ఇల్లు చూపించకముందే కాగితం మీద పెట్టాలి. ఓనరు చెప్పిన ధరకే ప్రకటించాలి, పైన వేసుకోకూడదు. ఓనరు అవసరాన్ని పార్టీకి చెప్పకూడదు, పార్టీ అవసరాన్ని ఓనరుకు అమ్మకూడదు. ఏజెంటు మిత్రులకు మా మనవి ఒకటే: జెన్యూన్ పార్టీ అన్న మాటను కొన్నాళ్లు పక్కన పెట్టండి, దానికి అర్థం అరిగిపోయింది.

తాత్పర్యం

ఎవరిదో ఒక ఇల్లు, ఎంతో దూరంలో, ఎంతో విస్తీర్ణంలో, ఏదో ధరకు ఉంది.

పరిష్కృత పాఠం

కూకట్‌పల్లిలో 2009లో కట్టిన అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో తూర్పు వాకిలి 3 పడక గదుల ఫ్లాటు. మొత్తం 1,450 చదరపు అడుగులు, కార్పెట్ 1,040, భూమిలో వాటా 42 గజాలు. మెట్రో స్టేషన్‌కు నడిచి 12 నిమిషాలు. వేసవిలో ట్యాంకరు నీళ్లు. చిన్న బాత్రూం గోడకు చెమ్మ ఉండేది, బాగు చేయించిన రసీదు ఉంది. బ్యాంకు బాకీ 18 లక్షలు. అమ్మేది అన్నదమ్ములం ఇద్దరం, తమ్ముడు విదేశంలో ఉన్నాడు, పవర్ ఆఫ్ అటార్నీ సిద్ధం. ధర 93 లక్షలు, మాట్లాడుకోవచ్చు. ఏజెంట్లు కమీషన్ ముందే చెప్పి రావచ్చు.

ఈ పాఠం మూలం కన్నా రెట్టింపు ఉంది, పేపరువాళ్లు డబ్బు కూడా రెట్టింపు అడుగుతారు. బేరమాడకుండా ఇచ్చేయండి.