లంక చుట్టకి అమెరికా విరుగుడు

సంక్రాంతికి కోనసీమలో సూట్‌కేసులు విప్పే తీరు మారింది. ఒకప్పుడు కువైట్ నుంచి వచ్చినవాడు సెంటు సీసాలు పంచేవాడు. ఇప్పుడు డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో దిగినవాడు ముందు బిళ్లల డబ్బాలు తీస్తున్నాడు. జగ్గన్నతోటకి ప్రభలు కదిలేలోపు వీధి వీధంతా యాంటీ ఆక్సిడెంట్లు అందిపోతాయి. అమెరికాలో కొడుకు లేడని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. కొత్తపేటలో రిటైరైన మాస్టార్లు, అమలాపురంలో చీటీలు కట్టించి విసిగిన అక్కయ్యగార్లు చైన్ బిజినెస్‌లో దిగి గుమ్మంలోకే తెచ్చిస్తున్నారు. "కింద ముగ్గుర్ని చేర్పించండి, మీ డబ్బా మీకు ఫ్రీ!"

"అసలిది మనకి కావాలా?" అని మాత్రం ఎవరూ అడగరు. అడిగేదల్లా ఒకటే: "పరగడుపునాండీ, అన్నం తిన్నాకాండీ?"

అమ్మేవాళ్ల కథ వినడానికి బాగుంటుంది. ఒంట్లో ఫ్రీ రాడికల్స్ అనే రౌడీలు తిరుగుతుంటారట. వాళ్లని పట్టి లోపలేసే పోలీసు ఈ బిళ్లట. ఒంట్లో దూరిన క్రిముల్ని చంపడానికి మన తెల్ల రక్తకణాలు వాడుకునేది కూడా ఆ రౌడీలనేనన్న సంగతి కరపత్రంలో ఉండదు. ఇక్కడ తయారైన సీసా అయితే 'వైద్యానికి వాడేది కాదు' అన్న ముక్క లేబుల్ మీద ఉండి తీరాలి. ఉంటుంది కూడా, చీమ తలకాయంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో.

రాజోలు వైపు లంకల్లో నాకు వరసకి మావయ్య ఒకాయన ఉన్నారు. భోజనం కాగానే అరుగు మీద చేరి, తన చేత్తో చుట్టుకున్న లంక పొగాకు చుట్ట ముట్టిస్తారు. మానమని చెప్పి చెప్పి విసిగిన కొడుకు న్యూజెర్సీ నుంచి బీటా కెరోటిన్ డబ్బా పంపాడు. దాని మూత నొక్కి తిప్పాలి. పిల్లలు తీయకుండా ఆ ఏర్పాటు. మావయ్య వల్ల కాదు, ఏడేళ్ల మనవడే తీసిస్తాడు. లోపల కుక్కిన దూదితో అత్తయ్య వత్తి చేసి దేవుడి దగ్గర పెడితే వెలగలేదు, కరిగి కంపు కొట్టింది. అది పాలిస్టర్. అందులో దూది కూడా దూది కాదన్నమాట. మావయ్య మాత్రం నిశ్చింతగా ఉన్నారు. "పొద్దున్న బిళ్ల, సాయంత్రం చుట్ట. దానికీ దీనికీ చెల్లండి, ఆయ్!"

సరిగ్గా ఈ లెక్కనే ఫిన్లాండులో వేసి చూశారు. ఆకుకూరలు, కేరట్లు బాగా తినేవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ వస్తోందని గమనించి, కూరలోంచి బీటా కెరోటిన్ ఒక్కటీ తీసి బిళ్ల కట్టి, 29 వేల మంది పొగరాయుళ్ల మీద ఏళ్ల తరబడి పరీక్ష పెట్టారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ మింగినవాళ్లలో క్యాన్సర్ 18 శాతం పెరిగింది. అమెరికాలో ఇలాంటి పరీక్షలోనే 28 శాతం పెరగడంతో 1996లో, గడువుకి 21 నెలల ముందే ఆపేశారు. విటమిన్ 'ఇ' మింగిన మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువైందని 2011లో తేలింది. రెండు నోబెల్‌లు అందుకున్న లైనస్ పౌలింగ్ అంతటివాడు విటమిన్ 'సి'తో జలుబు రాదని 1970లో పుస్తకమే రాశాడు. జలుబు ఆ పుస్తకం చదవలేదు.

ఇదంతా చెబితే మావయ్య పొగ వదిలి, "ఫిన్లాండంటే చలిదేశం కదండీ, మన ఒళ్లు వేరు" అన్నారు.

అంత దూరం వద్దనుకుంటే వశిష్ఠ గోదావరి దాటితే చాలు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే 1945లో అమెరికాలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. బలమిచ్చే విటమిన్ కదా అని ఆ కోవ మందుల్ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకి ఇచ్చి చూశాడు. బలం పిల్లలకి కాదు, రోగానికి పట్టింది. అప్పుడు సుబ్బారావు గారి ప్రయోగశాలే ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందు అందిస్తే, 1948లో కొందరు పిల్లలకి కొన్నాళ్లపాటైనా జబ్బు వెనక్కి తగ్గింది. విటమిన్ చేయడమూ, దాన్ని ఎక్కడ ఆపాలో చూపడమూ రెండూ మన గోదావరి మనిషి చేతిమీదుగానే జరిగాయి. మనకి మొదటి సగమే నచ్చింది.

బిళ్లలన్నీ దండగని కాదు. వయసుతో కంటి రెటీనా దెబ్బతింటున్న కొందరికి జింకుతో కలిపిన యాంటీ ఆక్సిడెంట్లు పనికొస్తాయి. అది కంటి డాక్టరు చూసి రాయాలి, వియ్యంకుడు కాదు. మిగిలినవాళ్లకి దొడ్డి ఉంది. మగవాళ్లకి రోజుకి కావలసిన విటమిన్ 'సి' 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకి అంతకన్నా తక్కువే. వంద గ్రాముల జామకాయలో 200 దాకా ఉంటుంది. డబ్బాలో బిళ్లకి వెయ్యి. ఒంటికి పట్టనిది మూత్రంలో పోతుంది కాబట్టి, మన మురుగుకాలవలకి విటమిన్ లోపం వచ్చే ప్రమాదం లేదు. మునగచెట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆషాఢంలో ఒక్కపూట శాస్త్రానికి వండి, మిగతా ఏడాదంతా రాలిన ఆకు ఊడ్చి పోస్తాం. అదే ఆకు పొడై, క్యాప్సూల్‌లో దూరి సీసాలో వస్తే డబ్బిచ్చి మింగుతాం.

ఇంతకీ మనకి నిజంగా లోటున్నది ఇనుము. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. అందుకే గర్భిణులకి ఆశా కార్యకర్త ఎర్ర మాత్రలు తెచ్చిస్తుంది. అందులో ఇనుముతోపాటు సుబ్బారావు గారి ఫోలిక్ యాసిడ్ కూడా ఉంది. మావయ్యగారి దగ్గరే ఉంటున్న కోడలికి ఇప్పుడు అయిదో నెల. అమెరికా డబ్బా ఫ్రిజ్‌లో, ఎర్ర మాత్రల అట్టలు గూట్లో పాత పంచాంగం కింద ఉన్నాయి. వేసుకోవడం లేదా అంటే అత్తయ్య చెయ్యి తిప్పేసింది.

"ఆయ్, అవి ఊరికే ఇచ్చేవండీ. వాటిలో ఏముంటుంది?"