రెండడుగుల దడి

బాతుని ఆపడానికి రెండడుగుల ఎత్తు దడి చాలు. ఈ మాట నమ్మే మనిషి మా వీధిలో ఒక్కడూ లేడు. మాది ఆకివీడు పక్కన, పెరట్లో నిలబడితే మూడు వైపులా రొయ్యల చెరువులు కనిపించే ఊరు. డబ్బు చూసిన ఊరు కావడాన కంచె అనగానే అందరికీ గోడే తడుతుంది. మా బావమరిదైతే పునాది లోతు దగ్గర్నుంచి మొదలెట్టాడు.

"ఆరడుగులు లేపి పైన గాజుపెంకులు గుచ్చేద్దాం బావగారూ."

పెంకులు ఎవరి కోసమని అడిగాను. కాసేపు ఆలోచించి, "గోడన్నాక ఉండాలి కదండీ" అన్నాడు.

మా పెరట్లోవి కాకీ కాంప్‌బెల్ బాతులు. ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ ప్రాంతపు అడేల్ కాంప్‌బెల్ అనే ఆవిడ, నూరేళ్ళ పైమాటే, గుడ్లు బాగా పెట్టే బాతు కావాలని ఇండియన్ రన్నర్ బాతుని ఇంకో రకంతో కలిపి తయారుచేసింది. పేరులో ఇండియా ఉందని మా బావమరిది ఛాతీ విరుచుకున్నాడు గానీ, ఆ రన్నర్ బాతు జావా వైపుది. సరే, మేత సరిగ్గా పడితే ఏడాదికి 300 గుడ్ల దాకా పెట్టగల జాతి ఇది. ఆవిడ ధ్యాసంతా గుడ్ల మీదే ఉండిపోయిందేమో, వీటికి ఎగరడం రాదు. కుక్క మొరిగితే రెక్కలు టపటపలాడిస్తూ నేల మీదే పరిగెడతాయి. ఎగిరేది వేరే రకం, మస్కోవీ అని దక్షిణ అమెరికా బాతు. అది మీ పెరట్లో ఉంటే ఒక వైపు రెక్క ఈకలు మాత్రం కత్తిరించండి. రెండు వైపులా సమానంగా కత్తిరిస్తే మళ్ళీ తూకం కుదిరిపోతుంది.

ఎగరని బాతుకి దడి దేనికంటారా? గుడ్ల కోసం. బాతు తెల్లారగట్ల గుడ్డు పెడుతుంది, ఎంత ఆలస్యమైనా పొద్దున్న తొమ్మిది లోపు ఆ పని ముగిస్తుంది. ఈలోగా బయటికి వదిలామా, నడుస్తూ నడుస్తూ తోచినచోట పెట్టేసి వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది. కాలవగట్టయినా ఒకటే, కాలవయినా ఒకటే. పొదగడం మీద కూడా ఈ జాతికి పెద్ద ఆసక్తి లేదు. పొదుగుడు మీదున్న కోడిని చూసి దాని కింద సర్దాలి. కోడి 21 రోజుల లెక్కతో కూర్చుంటుంది, బాతు గుడ్డుకి 28 కావాలి. ఆ మిగతా వారం సంగతి దానికి ముందుగా చెప్పం.

రెండో కారణం పక్కింటి తోటకూర మడి. దాని గురించి ఎక్కువ రాస్తే పక్కింటావిడ చదువుతుంది.

దడి కట్టే విద్యలో అసలు పండితులు సార్వా కోతలయ్యాక వస్తారు. చేలల్లో రాలిన గింజలూ నత్తలూ మేపుకుంటూ వందలకొద్దీ బాతుల్ని తోలుకొచ్చే మందలవాళ్ళు. నెల్లూరు వైపు నుంచి వచ్చామన్న కుటుంబం ఒకటి మా చేలో దిగింది. పొద్దు వాలుతుండగా మోపెడ్ మీంచి వల చుట్ట ఒకటి, వెదురు బద్దల కట్ట ఒకటి దించారు. భార్య బద్దలు గుచ్చుకుంటూ ముందు నడిచింది, భర్త వల విప్పుకుంటూ వెనక నడిచాడు. నేను ఇంటికెళ్ళి కాఫీ తాగొచ్చేసరికి గుండ్రంగా దడి లేచింది, బాతులన్నీ లోపల సర్దుకున్నాయి. ఎత్తు చూస్తే మోకాలు దాటి నాలుగు వేళ్ళు.

"ఇంత పొట్టి దడిని దూకవూ?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అవి మనుషులు కాదు గదా సామీ."

గుండ్రంగానే ఎందుకంటే, మూల ఉంటే బెదిరినప్పుడు అన్నీ అక్కడికే తోసుకెళ్ళి కింద పడ్డవి నలిగి చస్తాయట. మరి రాత్రి కుక్కలొస్తే? దడి పక్కన పట్టా చూపించాడు. పడుకునేది ఆయనే. బాతులు బయటికి పోకుండా వల, కుక్కలు లోపలికి రాకుండా మనిషి. ఇంటికొచ్చి ఈ సంగతి ముచ్చటగా చెబితే, మా ఆవిడ దుప్పటీ తెచ్చి చేతికిచ్చింది. "అన్నిటికన్నా చవకైన కంచె మీరేనన్నమాట" అంది. రాత్రిళ్ళు బాతుల్ని పాత కొట్టంలో పెట్టి తలుపేద్దామని, పగటికి మాత్రం దడి కడదామని రాజీపడ్డాం.

ఇక దేంతో కట్టాలన్న దాని మీద వీధి మొత్తం సభ పెట్టింది. చేపల వల అన్నారు. మా వైపు అది ఊరికే దొరుకుతుంది గానీ, బాతుకి మెడ పొడుగు, కుతూహలం అంతకన్నా పొడుగు. పెద్ద కన్నుల వలలో తల దూర్చి వెనక్కి తీసుకోవడం తెలియక ఉరేసుకుంటుంది. తాటాకు తడికలు అందంగా ఉంటాయి, మొదటి వాన దాకా. తుమ్మకంప ఖర్చు లేనిది, కానీ పెరట్లో చెప్పులు లేకుండా తిరిగేది బాతులొక్కటే కాదు. హార్డ్‌వేర్ కొట్టుకెళ్తే చికెన్ మెష్ చూపించారు. మంచిదే. ఖరీదు వింటే మెష్‌కి కాపలాగా బాతుల్ని పెట్టాలనిపించింది. పైగా అది కోడిని లోపల ఆపుతుంది గానీ, పట్టుదలున్న కుక్కని బయట ఆపలేదు.

అడవిపందులు రాకుండా చేల చుట్టూ పాత చీరలు కట్టడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్న పద్ధతే. ఆ మాట వినగానే మా ఆవిడ బీరువా తెరిచింది. చీర పాతదా కాదా అన్నది అది ఎన్నేళ్ళు కట్టారన్నదాన్ని బట్టి కాదు, ఎవరు పెట్టారన్నదాన్ని బట్టి తేలుతుందని అప్పుడే తెలిసింది. సంక్రాంతికి మా అక్క వచ్చి నేరుగా పెరట్లోకి వెళ్ళింది. తను గృహప్రవేశానికి పెట్టిన నెమలికంఠం రంగు చీర సరుగుడు కర్రల మధ్య రెపరెపలాడుతోంది.

"మీ పుట్టింటివాళ్ళు పెట్టింది ఒక్కటీ కనబడదేం?" అంది.

"అవి పల్చన వదినా, రెండ్రోజులు కూడా ఆగవు. మీరు పెట్టిందైతే దళసరి, చూడండి ఎలా నిలబడిందో" అంది మా ఆవిడ.

అది పొగడ్తో కాదో తేల్చుకోలేక మా అక్క భోజనం అయ్యేదాకా మాట్లాడలేదు. ఆ రెపరెపలకి బాతులు బెదిరిపోయి మేత ముట్టకపోవడంతో చీరలు తీసేశాం. ఒకటి మాత్రం ఉతికి మళ్ళీ బీరువాలోకి చేరింది, అదేదో చెప్పక్కర్లేదు.

చివరికి నెగ్గింది రొయ్యల చెరువు గట్ల వెంట పీతలు రాకుండా పాతే సన్నకన్నుల వల. చెరువు ఎండగట్టినప్పుడు తీసిన పాతది అడిగితే ఇచ్చారు. తల దూరదు, కాలు చిక్కదు. రెండు బారలకొక వెదురు బద్ద, పురికొసతో ముడి. కింద ఒక అడుగు వలని బయటివైపు నేల మీద పరిచి దాని మీద ఇటుకలు పెట్టాలి. ముంగిస సరిగ్గా దడి మొదట్లోనే తవ్వుతుంది, వల అడ్డం తగిలితే ఒక అడుగు వెనక్కి వెళ్ళి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. వస్తే ఇంజనీరయ్యేది. నీళ్ళ తొట్టి మాత్రం దడికి దూరంగా, మధ్యలో పెట్టండి. బాతు ముక్కు తడుపుకుని తడి మట్టిలో పొడుస్తూనే ఉంటుంది, తొట్టి పక్కన బద్ద ఉంటే సాయంత్రానికి వాలిపోతుంది. నేల బురదయ్యాక దడంతా పీకి నాలుగడుగులు పక్కకి జరుపుకోవచ్చు. మా బావమరిది గోడ ఆ పని చేయలేదు.

అయితే పీకి పట్టుకెళ్ళగలిగే వస్తువు మన పెరట్లోనే ఉంటుందని ఏమీ లేదు. ఎదురింటాయన కూతురి పెళ్ళికి వంటవాళ్ళ దగ్గరికి కుక్కలు రాకుండా కావాలని పొద్దున్నే వచ్చి చుట్టుకుపోయాడు. బాతులు అలవాటు కొద్దీ, దడి లేని దడిలోనే మధ్యాహ్నం దాకా మర్యాదగా కూర్చున్నాయి. తరవాత వరసకట్టి తోటకూర మడికి బయల్దేరాయి. నేను పరుగున ఎదురింటికి వెళ్ళాను.

"అయ్ బాబోయ్, భలే పనిచేసిందండి మీ దడి!" అన్నాడాయన చేతులు పట్టుకుని. "ఎల్లుండి సత్యనారాయణ వ్రతం కూడా కానిచ్చి పంపిస్తానండి. ఈలోగా బాతుల్ని కాస్త కట్టేసుకోండి, ఆయ్."