నామ వైద్యం

2024 జూలై 24, బుధవారం నాడు మన శాసనసభలో పెద్ద ఆపరేషన్ జరిగింది. రోగికి అప్పటికి ముప్పై ఎనిమిదో ఏడు నడుస్తోంది. ఊరు విజయవాడ. వృత్తి డాక్టర్లను తయారు చేయడం. మత్తు ఇవ్వలేదు, రక్తం ఎక్కించలేదు, సెలెక్ట్ కమిటీ అనే స్కానింగ్‌కు రాయలేదు. పొద్దున వైఎస్సార్ ఆరోగ్య విశ్వవిద్యాలయంగా లోపలికి పోయిన రోగి ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయంగా బయటికొచ్చింది. అదే రోజు భూ హక్కుల చట్టం రద్దు కూడా అయింది, మద్యం మీద శ్వేతపత్రమూ వచ్చింది. ఇంత రద్దీ ఓపీలో కూడా డాక్టర్లు ఈ రోగిని తిప్పి పంపలేదంటే మెచ్చుకోవాల్సిందే.

సరిగ్గా ఇదే ఆపరేషన్ 2022 సెప్టెంబరు 21న జరిగింది. అదీ బుధవారమే. అప్పుడు కత్తి పట్టింది ఆనాటి ఆరోగ్య మంత్రి విడదల రజిని గారు, ఈసారి ఆరోగ్య మంత్రి సత్యకుమార్ యాదవ్ గారు. కోసిన చోటు మాత్రం అదే. అప్పుడు అడ్డం పడిన తెలుగుదేశం సభ్యులను సస్పెండ్ చేసి బయట కూర్చోబెట్టారు. ఈసారి వైఎస్సార్సీపీ వాళ్లు ఎవరూ గెంటకుండానే ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర ధర్నాలో ఉండిపోయారు. ఆపరేషన్ థియేటర్‌లోకి రోగి తరఫు వాళ్లను రానివ్వకపోవడం ఎక్కడైనా ఉన్న పద్ధతే కదా.

దీన్ని తప్పు పట్టేవాళ్లకు మన ఊళ్ల వైద్యం తెలియదు. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే పెద్దవాళ్లు ఏం చేసేవాళ్లు? తర్వాత పుట్టిన బిడ్డను దిబ్బ మీద పొర్లించి, చేటెడు తవుడుకు పొరుగింటికి అమ్మి, మళ్లీ కొనుక్కుని పెంటయ్య అనో పుల్లమ్మ అనో పేరు పెట్టేవాళ్లు. యముడు వాకిలి దాకా వచ్చి, ఇదేదో పనికిరాని సరుకు అనుకుని వెనక్కి పోతాడని నమ్మకం. ఎంబీబీఎస్‌లో ఈ పాఠం లేదు. శాసనసభలో ఉంది.

నాకున్న బాధల్లా ఇంత గొప్ప వైద్యం విజయవాడ దాటి రాకపోవడమే. కర్నూలు, కడప జిల్లాల్లో ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ నామ వైద్య విభాగం తెరవాలని నా మనవి. ఖర్చు లేదు. మందులు అక్కర్లేదు. ఒక పెయింటరు, రెండు డబ్బాల రంగు చాలు. ఓపీ ఎట్లా నడుస్తుందో నా కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

కోసిగి నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన పెద్దాయన బల్ల మీద కూర్చుంటాడు.

"ఏం పెద్దాయనా, ఏమైంది?"

"గస సామీ. నాలుగడుగులు ఏస్తే ఊపిరి ఆడ్డంలా."

"నీ పేరేంది?"

"ఈరన్న."

"ఎప్పుడు పెట్టినారు?"

"పుట్టినప్పుడే సామీ."

"అదీ సంగతి! డెబ్బై ఏండ్లుగా ఒకే పేరు మోస్తాంటే గస రాక ఏమొస్తాది? ఇదో, రాసిస్తాండా. ఇప్పటికి ఈ పేరు వాడు. ఐదేండ్లకు ఎలక్షన్లు అయినాక మళ్లీ రా, పాత పేరు రాసిస్తా."

"గుండె డాక్టరు లేడా సామీ?"

"పోస్టు ఉంది పెద్దాయనా. దానికి పెద్ద పేరు కూడా ఉంది. మనిషే లేడు."

మనుషులకే కాదు, ఈ వైద్యం జబ్బులకూ పనిచేస్తుంది. డెంగీతో పోయిన మనిషి కాగితాల్లో విషజ్వరంతో పోయినట్టు రాస్తే ఊర్లో డెంగీ లేనట్టే. ఇది నేను కనిపెట్టింది కాదు, వానాకాలం వచ్చిందంటే జనం నోట వినపడే మాటే. దీన్నే ఇంకొంచెం ముందుకు తీసుకుపోదాం. ఒక మంచం మీద ఇద్దరు బాలింతలుంటే "జంట శయ్య పథకం". స్ట్రెచర్ దొరక్క తండ్రిని కొడుకు వీపున మోసుకుపోతే "భుజశ్రీ". ఫ్యాను తిరగని వార్డు "ప్రకృతి వార్డు". మందు లేదు, బయట కొనుక్కోండి అని చీటీ రాసిస్తే "స్వేచ్ఛా ఔషధి". ప్రారంభోత్సవానికి రిబ్బన్ ఒక్కటే కొనాలి.

ప్రయోగాలకు కడప కంటే మంచి చోటు దొరకదు. 2005లో ఇంగ్లీషు స్పెల్లింగుకు చికిత్స జరిగింది. 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు పెట్టారు. జనం మాత్రం ఇప్పటికీ కడపకే పోతాండారు, కడపకే వస్తాండారు. 2006లో రాజీవ్ గాంధీ పేరుతో పెద్దాసుపత్రి కట్టారు. ఆ పేరు బోర్డు మీద ఉన్నా లేకున్నా "రిమ్స్" అంటేనే ఆటో కదులుతుంది. కర్నూలుదీ తక్కువ చరిత్ర కాదు. 2020లో చట్టం చేసి మరీ న్యాయ రాజధాని అని పేరు పెట్టారు, మరుసటి ఏడు నవంబరులో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. కొండారెడ్డి బురుజు దగ్గర నిలబడి చూస్తే రెండు రోజులకూ తేడా తెలియదు.

ఆరోగ్యశ్రీ కార్డు సంగతి సరేసరి. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా పుట్టింది. 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ. 2024లో మళ్లీ ఎన్టీఆర్ దారి పట్టింది. ఇన్ని పేర్లు మారినా ఆసుపత్రులకు ఇవ్వాల్సిన బకాయిలను మాత్రం అందరూ బకాయిలనే అంటున్నారు. 2024 మే నెలలో అవి తీర్చకపోతే సేవలు ఆపేస్తామని ప్రైవేటు ఆసుపత్రులు మొండికేశాయి. ఆ బకాయిలకూ ఒక మహానాయకుడి పేరు పెట్టి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

పిల్లల సంగతి చూడండి. 1956 నుంచి ఉన్న కర్నూలు మెడికల్ కాలేజీలో 2021 బ్యాచ్ పిల్ల ఒకతి చేరింది అనుకుందాం. చేరేటప్పుడు ఎన్టీఆర్ యూనివర్సిటీ. మధ్యలో మార్కుల జాబితా వైఎస్సార్ యూనివర్సిటీది. పట్టా చేతికొచ్చే నాటికి మళ్లీ ఎన్టీఆర్, ఆ లోపల ఇంకో బుధవారం రాకపోతే. రేపు లండన్‌లోనో న్యూయార్కులోనో కాగితాలు సరిచూసే గుమాస్తా "ఇన్ని యూనివర్సిటీలు ఎందుకు మారినావమ్మా, ఏమన్నా తప్పు చేసినావా?" అని అడిగితే ఆ పిల్ల ఏం చెప్పాలి? తాను ఉన్న చోటే ఉన్నానని, యూనివర్సిటీయే పార్టీ మారిందని చెప్పాలి.

పేరు మారడానికి ముందు ఆ యూనివర్సిటీకి ఇంకో ఆపరేషన్ జరిగింది. 2021లో. బిల్లు పెట్టలేదు, మూజువాణి ఓటు లేదు. యూనివర్సిటీ ఖాతాల్లో ఉన్న 400 కోట్ల రూపాయలను రాష్ట్ర ప్రభుత్వ ఆర్థిక సేవల సంస్థకు మళ్లించారు. ఏళ్ల తరబడి విద్యార్థులు కట్టిన ఫీజులతో పోగైన డబ్బది. ఉద్యోగులు పని మానేసి ఆందోళనకు దిగారు. ఆ డబ్బు మీద చట్టం తేవడానికి ఏ సభకూ తీరిక దొరకలేదు. ఎవరి పేరు ఉండాలనే దానికి మాత్రం రెండేళ్లలో రెండు చట్టాలు చేశారు.

ఇంతదాకా రాసి నవ్వుకున్నాను గానీ, ఇక నవ్వు రావడం లేదు. ఎన్టీఆర్ 1986లో దేశానికే దారి చూపిస్తూ ఆ విశ్వవిద్యాలయాన్ని పెట్టారు. ఆయన పేరు దానికి ఉండడం న్యాయం. 108, ఆరోగ్యశ్రీ తెచ్చిన వైఎస్‌ను ఈ జిల్లాల పేదలు మరిచిపోలేదు, మరిచిపోరు. ఇద్దరికీ ఈ బోర్డు తగాదా అవసరం లేదు. రెండు పార్టీల నాయకులారా, వాళ్లను చూపించి మీరు తప్పించుకుంటున్నారు. ఆరోగ్యం మీద శాసనసభ మాట్లాడాల్సిన ఒక్క పూటను కూడా బోర్డుకే ఖర్చు పెట్టారు.

వైఎస్సార్సీపీ ప్రభుత్వం పునాది రాళ్లు వేసిన మెడికల్ కాలేజీల్లో ఆదోని, పులివెందుల ఉన్నాయి. 2024లోనే అక్కడ తరగతులు మొదలు కావాలన్నది ఆ ప్రభుత్వం చెప్పిన లెక్క. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్ల దాకా దూరం. సుగ్గికని వలస పోయి, గుంటూరు మిరపచేలల్లో ఒళ్లు హూనం చేసుకుని తిరిగొచ్చే జనం ఆ చుట్టుపక్కలే ఉన్నారు. కాన్పు కష్టమైతే ఆ దూరమంతా పోవాల్సింది వాళ్ల ఇంటి ఆడపిల్లే. ఆదోని ఎమ్మెల్యే స్వయంగా డాక్టరు, ఆరోగ్య మంత్రిదీ ఆయనదీ ఒకే పార్టీ. బద్వేలు ఎమ్మెల్యే కూడా డాక్టరమ్మే, ప్రతిపక్షం. వైఎస్సార్సీపీకి మిగిలిన పదకొండు మందిలో నలుగురు పులివెందుల, బద్వేలు, మంత్రాలయం, ఆలూరు నుంచి గెలిచినవాళ్లు. అంటే ఈ రెండు జిల్లాల వాళ్లే. మా తరఫున అడగడానికి మేం పంపినవాళ్లు అడగాల్సిన పూట సభలో లేరు. సభలో ఉన్నవాళ్లకు అడగాలని లేదు. వెళ్లగొట్టిన ప్రతిపక్షం అయినా, వెళ్లిపోయిన ప్రతిపక్షం అయినా రోగికి ఒకటే.

పాఠకులకు ఒక మనవి. మీ ఎమ్మెల్యే ఏ పార్టీవాడైనా సరే, ఊరికి వచ్చినప్పుడు దండ వేసేముందు మూడు మాటలు అడగండి. ఆదోని కాలేజీలో మొదటి క్లాసు ఏ తేదీన? పులివెందులలో ఏ తేదీన? ఆ 400 కోట్లు ఎక్కడున్నాయి? పేరు ఎవరిదని మాత్రం అడగొద్దు. అడగకపోయినా అదొక్కటీ వాళ్లే చెప్తారు.