మంచుమీద మొండివాడు

ప్రతి కార్యాలయమునందును, జమాఖర్చుల దస్త్రము చాటున ‘చిప్స్ ఛాలెంజ్’ అను కంప్యూటరు ఆటను తెరచియుంచుకొని, అధికారి చెప్పుల చప్పుడు వినబడగానే దానిని మాయము చేయగల హస్తలాఘవము గలవాడొకడుండును. 1989లో అటారీ లింక్స్ యంత్రమునకై చక్ సోమర్‌విల్ రూపొందించిన యీ క్రీడ, 1992లో విండోసున ప్రవేశించి, 149 లెవెళ్లతో ఎందరి మధ్యాహ్నములనో హరించినది. ఈ ఆట నాడినవారు పలువురు; కాని నేను చెప్పబోవు మహానుభావుడు అందలి మంచు లెవెళ్లకు మాత్రమే తన సర్వస్వమును ధారపోసినవాడు.

ఈ ఆటలోని చిప్ అను కుర్రవాడు మంచుగడిపై కాలు మోపినంతనే స్వాతంత్ర్యము గోల్పోయి, మంచు ముగియువరకు తిన్నగా జారుచు, మూలగడి యెదురైనచోట మలుపు తిరిగి, గోడ తగిలినచో వచ్చినదారినే వెనుకకు జారును. నడుమ నాగుట కల్ల. పైగా 32 గడుల పొడవు, అంతే వెడల్పు గల రంగమున మన కంటబడునది తొమ్మిదికి తొమ్మిది గడుల మేర మాత్రమే యగుటచే, ఆవల నున్నది నేలయో నీరో జారినపిదపగాని తెలియదు. వివేకియైనవాడు గమ్యమునుండి వెనుకకు వచ్చుచు, ఏ గడినుండి జారిన నచటికి చేరగలమో కాగితముపై గుర్తించుకొనును. మనవానికి కాగితము ముట్టుట పరాభవము. జారుడు మొదలైనంతనే అతడును కుర్చీలో అటే యొరుగును, టీగ్లాసులో మీగడ కట్టును, చిప్ నీట మునుగగానే, “ఓరి అప్రాచ్యుడా, నిన్నటు పొమ్మన్న దెవడురా?” యని తెరను గద్దించును.

పలుమార్లోడినవానిపై జాలిగొని ఆ ఆటయే “ఈ లెవెలు విడిచి ముందుకు పోదువా?” యని అడుగుట కద్దు. ఇంతటి మర్యాదను మనవాడు తన వంశముపై మోపిన నిందగా గ్రహించి, బల్ల అదరునట్లు వలదని నొక్కును. ప్రక్కబల్లవాడు తరువాతి లెవెలు తెరచు నాలుగక్షరముల సంకేతపదమును చీటీపై వ్రాసియిచ్చినను, దానిని చదువక, చింపక, సొరుగులో నుంచి తాళము వేయును. ఈ తాళమునుగూర్చి మాత్రము నాకు కొంత యనుమానము కలదు.

తుదకొక సాయంకాలమున, ఎవరో పిలువగా తలత్రిప్పి పొరపాటున వేరొక మీట నొక్కినంతనే చిప్ రెండు మలుపులు తిరిగి గమ్యము చేరెను. మరునాటినుండి అది పొరపాటని యతనిని నమ్మింప బ్రహ్మతరమా! “ఆ మూలగడిని నేనేనాడో కనిపెట్టితిని, సమయమునకై వేచితిని” అని వచ్చినవారికెల్ల వివరించును. మరల ఆడి చూపుమన్నచో, మొదటి జారుడులోనే నీటబడి, కీబోర్డు పాతబడినదనును.

ఇట్టివాడు మీ కార్యాలయమున నున్నచో, అతని వెనుక నిలిచి “కుడికి, కుడికి” అని మాత్రము అనకుడు. మీ ప్రయాణభత్యపు బిల్లు పాసుచేయవలసినవాడును అతడే.