మడమ ఇంజనీరు

మన ఊళ్లలో షాపింగ్ కాంప్లెక్సు లేచే ప్రతి స్థలంలోనూ ఒక మడమ ఇంజనీరు ఉంటాడు. ఆయన కాంట్రాక్టరు కావచ్చు, ఓనరుగారి బావమరిది కావచ్చు, నిజంగానే డిగ్రీ ఉన్న ఇంజనీరూ కావచ్చు. ఎవరైనా పరికరం మాత్రం ఒక్కటే, కుడికాలి మడమ. ఏప్రిల్ ఎండలో స్థలం నడిమధ్యకు నడిచి, నేలను రెండుసార్లు తొక్కి, "రాయిలా ఉందండీ, ఇంక టెస్టులెందుకు?" అంటాడు. మట్టి పరీక్ష అయిపోయినట్టే. ఆయన్ని చూసి నవ్వి వదిలేయడం తేలికే గానీ, నిజానికి ఆ మడమ అబద్ధం చెప్పదు. ఏప్రిల్‌లో, పై రెండంగుళాల గురించి అది చెప్పింది అక్షరాలా నిజం. చిక్కల్లా ఆ నేలకు ఆగస్టు కూడా వస్తుందనీ, ఆ రెండంగుళాల కింద ఇంకా చాలా నేల ఉంటుందనీ దానికి తెలియకపోవడమే.

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడినే తీసుకోండి. అందులో ఉండే మాంట్‌మొరిల్లోనైట్ అనే బంకమన్ను నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. వేసవిలో చెయ్యి పట్టేంత పగుళ్లిచ్చి బిగుసుకునేదీ అదే, శ్రావణంలో కాలి చెప్పు ఊడబెరుక్కునేదీ అదే. పత్తికి పుట్టిల్లయిన ఆ నేల పార్కింగుకు అత్తిల్లు. ఉబ్బని మట్టిని దాని మీద పొరగా గట్టిగా పరిస్తే కింది ఉబ్బు అణుగుతుందని ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆర్.కె. కట్టి ఏనాడో చూపించారు. మడమ ఇంజనీరూ ఒక పొర వేయిస్తాడు. పాత ఇల్లు కూల్చిన ఇటుక పెళ్లలు, సగం కమోడు, చిరిగిన సిమెంటు సంచులు, వీటన్నిటి పరువు కాపాడేందుకు పైన రెండు టిప్పర్ల మొరం. దీన్నే ఫిల్లింగ్ అంటారు.

మొరం మంచిదే, దాన్ని దిమ్మిస చేసే తీరులోనే ఉంది అంతా. ప్రతి మట్టికీ ఒక తడి పాకం ఉంటుందనీ, ఆ పాకంలోనే అది బాగా బిగుస్తుందనీ 1933లో అమెరికా ఇంజనీరు ప్రాక్టర్ తేల్చాడు. సున్నుండలు చుట్టేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. నెయ్యి తక్కువైతే పొడి రాలుతుంది, ఎక్కువైతే ఉండ నిలవదు. అలా పాకం చూసుకుని, 20 సెంటీమీటర్లకు మించని పొరలుగా పోసి, పొరపొరకూ రోలరు తిప్పాలి. ఈయన మీటరున్నర మట్టిని ఒకేసారి పోయించి, రోలరుతో పైన మూడు ప్రదక్షిణలు చేయిస్తాడు. ఆ బరువు అడుగుదాకా అందదు. అదేమంటే, "రెండు వానలు పడితే అదే కూర్చుంటుంది" అంటాడు. ఇసుక విషయంలో ఈ మాటకు కొంత విలువుంది, నీళ్లు పెడితే సర్దుకుంటుంది. బంకమట్టి అంత మాట వినే రకం కాదు. పైగా పోసిన మట్టి అంతా ఒక్కసారే కూర్చోదు. ప్రారంభోత్సవం అయ్యాక, పేవర్ బ్లాకుల కింద, ఒక మూల కూర్చుంటుంది.

ఇక వాటం. ముంగిట్లో పడ్డ వాన జారిపోవాలంటే మీటరుకు సుమారు 2 సెంటీమీటర్ల వాటం కావాలి, అంటే పది మీటర్లకు 20. అది ఆయన కంటికి వంకరగా కనిపిస్తుంది. క్యారంబోర్డులా ఉంటేనే అందమంటాడు. తప్పనిసరైతే ఈశాన్యానికి ఇస్తాడు. వాస్తును తప్పుపట్టనక్కర్లేదు, నీళ్లు ఎటో ఒకవైపు పోవాలన్న స్పృహ అందులో ఉంది. కానీ మునిసిపాలిటీ కాలువ నైరుతిలో ఉంటే, ఈశాన్యం చేరిన నీరు తన గోడు పక్కవాడి ప్రహరీగోడకు చెప్పుకోవాలి. నీరు పల్లమెరుగు అన్న సామెతలో దిక్కుల ఊసు లేదు.

"ఇన్ని కట్టాను, ఒక్కటైనా పడిందా?" అన్నది ఆయన బ్రహ్మాస్త్రం. పడలేదు, నిజమే. ఆ పుణ్యం మడమది కాదు, పోసిన మట్టిని దాటి గట్టి నేలదాకా దిగిన పిల్లర్లది. ముంగిలి, మెట్లు, కింది గచ్చు మాత్రం ఆ పోసిన మట్టినే నమ్ముకుని బతకాలి. అందుకే బిల్డింగు నిలిచిన చోటే నిలుస్తుంది, మెట్లు దానితో తెగతెంపులు చేసుకుని అంగుళం కిందికి దిగిపోతాయి. ఖర్చు మాటకొస్తే, నాలుగు బోర్లు వేసి మట్టి చూపించడానికయ్యేది అద్దాల ఎలివేషన్ ఖర్చు ముందు ఏపాటిది? అయినా ఆయన అద్దాలనే ఎంచుకుంటాడు, అదీ తెలివితక్కువతనం కాదు. అద్దె మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు తలెత్తి చూస్తారు గానీ, మట్టి రిపోర్టు ఎక్కడని అడగరు. మనం మెడతో బేరమాడుతున్నాం గనకే ఆయన మడమతో కడుతున్నాడు. చివరికి ఆగస్టులో, వాన వెలిసిన సాయంత్రం, చీరల కొట్టుకొచ్చిన ఇల్లాలు ఊగే బ్లాకు మీద అడుగేస్తుంది. సందులోంచి బురదనీళ్లు చివ్వున ఆమె కుచ్చిళ్లదాకా చిమ్ముతాయి. రావలసిన మట్టి రిపోర్టు అప్పుడొస్తుంది, అదీ మడమ పరీక్షతోనే.