ఇన్‌స్టా మానితే తపస్సా?

తపస్కాలం దగ్గర పడుతోందంటే చాలు, ఈ కాలం పిల్లలు ఒకళ్ళనొకళ్ళు అడుగుతుంటారు: "ఈసారి నువ్వేం మానేస్తున్నావ్?" ఒకడు చాక్లెట్ అంటాడు. ఒకమ్మాయి ఇన్‌స్టా అంటుంది. ఇంకొకడు ఫోన్లో గేములంటాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మనవడు కిందటేడు చక్కెర మానేశాడు. పండక్కి ముందు ఊరొచ్చినప్పుడు చూశాను, టీలో ఇంత బెల్లం ముక్క వేసుకుని జుర్రుకుంటున్నాడు. ఇదేందిరా అంటే, "బెల్లం చక్కెర కాదు కదా తాతయ్యా" అన్నాడు. వీడు లాయరు కావలసినవాడు.

మా రోజుల్లో ఆ ప్రశ్నే లేదు. ఏం మానాలో మమ్మల్నెవరడిగారు? తిరుసభ చెప్పింది, ఫాదరుగారు గుడిలో చదివారు, అమ్మ వంటింట్లో అమలు చేసింది. తపస్సు అంటే నచ్చింది ఎంచుకునేది కాదు, నెత్తిన పెట్టింది మోసేది. పైగా ఒక్కడివే మోసే పని లేదు, వీధి వీధంతా మోసేది.

నాది ఫిరంగిపురం పక్కన పల్లె. గుంటూరు జిల్లాలో తపస్కాలం ఎప్పుడొస్తుందో తెలుసుగా, సరిగ్గా మిరపకాయల కోతలప్పుడు. ఎర్రబడ్డ తోట ఉపవాసం అంటే ఆగదు. పొద్దున గంజి తాగి చేలోకి దిగితే మళ్ళీ చీకటి పడే వేళకి ఇల్లు. ఆ సాయంత్రమే శుక్రవారమైతే సిలువ మార్గం. గుడి లోపల కాదు, వీధుల్లోనే. ఒక్కో స్థలానికి ఒక్కో ఇంటి ముందు చిన్న పందిరి, లోపల గుడ్డ పరిచిన బల్ల, దాని మీద రెండు కొవ్వొత్తులు. ముందు పెట్రోమాక్స్ లైటు పట్టుకుని ఒకడు, వెనక తుమ్మకర్ర సిలువ మోస్తూ ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు. ఆ కుర్రాళ్ళలో నేనూ ఒకణ్ణి. పచ్చి తుమ్మ ఎంత బరువో మోసినవాడికే తెలుస్తుంది. ప్రతి స్థలం దగ్గరా మోకాళ్ళ మీద కూలబడాలి, కింద కంకర ఉందా కల్లాపి చల్లి ఉందా అని చూడకుండా.

ఆరో స్థలం దగ్గర, వెరోనికమ్మ ప్రభువు ముఖం తుడిచే చోట, ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు. ఏడిస్తే కళ్ళు తుడుచుకోవాలి కదా, కానీ ఆ చేతులు పొద్దుట్నుంచి మిరపకాయలు కోసిన చేతులు. ఎన్నిసార్లు కడిగినా ఆ ఘాటు పోదు. వేళ్ళు కంటికి తగిలితే అయిపోయినట్టే. అందుకని తలకాయ పక్కకి తిప్పి, జబ్బతో రవికె చేతికి కన్ను ఒత్తుకునేవాళ్ళు. మా అమ్మ అట్లా ఒత్తుకుంటుంటే చూసి నేనూ నేర్చుకున్నాను. ఇప్పుడు సిలువ మార్గానికి యాప్ ఉందట. మా వాడు మియాపూర్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేట వచ్చేలోపు పధ్నాలుగు స్థలాలూ అయిపోతాయట. మోకాళ్ళ సంగతేంట్రా అంటే, మెట్రోలో కింద కూర్చుంటే జరిమానా వేస్తారు తాతయ్యా అన్నాడు. దానికీ సమాధానం ఉంది వాడి దగ్గర.

ఉపవాసం సంగతికొద్దాం. మా అమ్మానాన్నల కాలంలో కట్టుబాట్లు గట్టివి. పెద్దపూజకెళ్ళి సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. 1953లో పన్నెండవ భక్తినాథ పాపుగారు నీళ్ళకి అనుమతిచ్చారు, 1957లో ఉపవాసాన్ని మూడు గంటలకి దించారు, 1964లో ఆరవ పౌలు పాపుగారు దాన్ని ఒక్క గంట చేశారు. ఆ ఒక్క గంటని కూడా ఇప్పటివాళ్ళు గుడి ముందు బండి ఆపి, చేతిలో కాఫీ కప్పుతో లెక్కపెట్టుకుంటారు: పూజ ఎనిమిదికి, సత్ప్రసాదం ఎనిమిది నలభైకి, ఇప్పుడు ఏడున్నర, తాగొచ్చు.

తపస్కాలపు ఉపవాసాలూ అంతే. 1966 ఫిబ్రవరిలో ఆరవ పౌలు పాపుగారే శాసనం ఇచ్చి సడలించారు. తప్పనిసరిగా మిగిలినవి రెండే రోజులు, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం. ఆ రెండు రోజులైనా ఒక పూట కడుపునిండా తినొచ్చు, మిగతా రెండు పూటలా కొంచెం కొంచెం. అదీ ఇరవై ఒక్కేళ్ళు నిండినవాళ్ళకే. తర్వాత 1983 నాటి ధర్మశాస్త్రం దాన్ని పద్దెనిమిదికి తెచ్చింది. మాంసం మానడం మాత్రం పద్నాలుగు నిండినప్పటి నుంచీ అందరికీ. 1966లో నాది ఇంకా పిల్లవయసు, ఇరవై ఒకటి నిండేదాకా నాకు ఉపవాసం లేదని ఎక్కడో విని సంబరపడిపోయాను. మా నాన్న ఒకటే మాట అన్నాడు: "పాపుగారు రోములో ఉన్నారు. నేనిక్కడున్నాను." ఆ పూట నాకు గంజే.

మాంసం మానడం మా ఇళ్ళల్లో గొప్పేం కాదు, ఉన్నమాట చెప్పుకోవాలి. మానడానికి ముందు ఉండాలి కదా! పండక్కో, చుట్టం వస్తేనో కోడిని కోసే ఇళ్ళు మావి. అదీకాక చేప మాంసం కిందకి రాదు కాబట్టి శుక్రవారం ఎండుచేపల పులుసు పెట్టేవాళ్ళు. ఆ వాసనకి మా వీధిలో ఎవరి తపస్సూ నిలిచేది కాదు. అసలు కష్టం మాంసం దగ్గర కాదు, మిగతా వాటి దగ్గర. నలభై రోజులూ పెళ్ళిళ్ళు లేవు, తల్లో పూలు లేవు, సినిమా లేదు. 1978లో "కరుణామయుడు" వచ్చాక ఆ ఒక్క సినిమాకి మినహాయింపు దొరికింది. విజయచందర్‌ని సిలువ వేస్తుంటే హాల్లో జనం కాళ్ళ చెప్పులు విప్పేసి కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. ఆ నలభై రోజులూ పొయ్యి వెలిగించే ముందు అమ్మ పిడికెడు బియ్యం తీసి పక్క కుండలో వేసేది. అది గుడికి, గుడి నుంచి లేనివాళ్ళకి. మేమేం ఉన్నవాళ్ళమని కాదు.

ఇప్పుడు మా మనవడికి ఉపవాసం చేతకాక కాదు. బొజ్జ తగ్గాలని పదహారు గంటలు కడుపు మాడ్చుకుంటాడు. ఎప్పుడు మొదలుపెట్టాడో ఎప్పుడు ముగించాలో ఫోన్లో గడియారం తిరుగుతుంటుంది. ఏడాదిలో రెండంటే రెండు రోజులు దేవుడి పేరున పస్తుండరా అంటే మాత్రం తలనొప్పి వస్తుందట, ఆఫీసులో మీటింగులున్నాయట. నడుము సన్నబడటానికి పనికొచ్చిన ఆకలి ఆత్మకెందుకు పనికిరాదో నాకు అర్థం కాదు.

2024లో ఇంకో చిత్రం జరిగింది. విభూది బుధవారం సరిగ్గా ప్రేమికుల రోజున, ఫిబ్రవరి 14న పడింది. 2018లోనూ పడింది, 2029లో మళ్ళీ పడుతుంది. 2018కి ముందు పడింది 1945లో. అప్పటికి నేను పుట్టలేదు, పుట్టినా ఆ తేదీకి ఇంకో పండగ ఉందని మా ఊళ్ళో ఎవరికీ తెలిసేది కాదు. మా వాడు సాయంత్రం గుడికెళ్ళి నుదుట బూడిద పెట్టించుకుని, అదే నుదురుతో తనకి నచ్చిన అమ్మాయిని హోటలుకి తీసుకెళ్ళాడు. ఉపవాసం ఏమైందిరా అంటే, "పొద్దున్నా మధ్యాహ్నం కొంచెమే తిన్నాను తాతయ్యా, హోటల్లోదే నా నిండు భోజనం. పైగా వెజ్." లెక్క ప్రకారం తప్పు పట్టడానికి లేదు. మధ్యలో ఇద్దరూ కలిసి సెల్ఫీ దిగి స్టేటస్‌లో పెట్టారు. ఆ రోజు గుడిలో చదివే సువిశేషమే మత్తయి ఆరో అధ్యాయం. ఉపవాసం ఉన్నట్టు పదిమందికి కనపడకుండా ముఖం కడుక్కొమ్మని ప్రభువు చెప్పేది అందులోనే. చదువుతున్నప్పుడు వీళ్ళ చెవులెక్కడ ఉంటాయో!

2020 సంగతి వేరే. లాక్‌డౌన్‌లో పవిత్రవారం మొత్తం అందరం ఫోన్లోనే చూశాం, తప్పలేదు. కాకపోతే కొందరు ఆ సోఫాలోంచి ఇంకా లేవలేదు.

ఇంతసేపూ పొగిడానని మా రోజులన్నీ బంగారమని కాదు. పవిత్ర గురువారం ఫాదరుగారు పన్నెండుమంది పాదాలు కడుగుతారు కదా, ఆ పన్నెండుమంది ఎవరో మాకు ముందే తెలిసేది. పొలమున్నవాళ్ళు, పంచె ఇస్త్రీ చేసుకొచ్చేవాళ్ళు. మిరపచేలో కూలికెళ్ళే పాదం ఆ పళ్ళెంలోకి వచ్చేది కాదు. గుడిలో కూర్చునే చోట్లలోనూ ఎవరిది ఏ పక్కో అందరికీ తెలుసు, నోరు విప్పి ఎవరూ అనకపోయినా. 2016లో ఫ్రాన్సిస్ పాపుగారు స్త్రీల పాదాలు కూడా కడగొచ్చన్నారు. మొన్న మొన్న మా గుడిలో ఒక కూలి మనిషి, డెబ్భై దాటిన అవ్వ, కుర్చీలో కూర్చుని కాళ్ళు ముందుకి చాపింది. చాపడానికి ఎంత సిగ్గుపడిందో! 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు దళితుల్లో మొట్టమొదటి కార్డినల్ అయ్యారు, తెలుగువాళ్ళలోనూ మొదటివారు. ఇవి ఈ రోజులు మా రోజులకంటే మెరుగని ఒప్పుకోవలసిన చోట్లు. ఇక్కడ సణగను.

నా సణుగుడు వేరే చోట. హైదరాబాదులో మా వాడి ఆఫీసులో కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాళ్ళుంటారు. నల్ల బట్టలు, కాళ్ళకి చెప్పులుండవు, నలభై ఒక్క రోజులు. మేనేజరు కూడా వాళ్ళని "స్వామీ" అనే పిలుస్తాడు. క్యాంటీనువాడికి వాళ్ళేం తింటారో తెలుసు. 2025లో రంజాన్ నెల, మన తపస్కాలం దాదాపు ఒకేసారి మొదలయ్యాయి. పక్క సీట్లో కూర్చునే ముస్లిం కుర్రాడు పొద్దు పొడవకముందు తిని, సూర్యుడు గుంకేదాకా నీళ్ళు కూడా ముట్టకుండా పనిచేశాడట. సాయంత్రం అయ్యేసరికి వాళ్ళంతా కలిసి ఖర్జూరంతో ఉపవాసం విప్పేవాళ్ళట. "నువ్వు ఈసారి ఏం మానేస్తున్నావ్?" అని వాళ్ళనెవరూ అడగరు. అడగాల్సిన పనిలేదు, అందరికీ తెలుసు. మా వాణ్ణి మాత్రం అడుగుతారు, వాడు "చక్కెర" అంటాడు, వాళ్ళు "షుగరొచ్చిందా?" అంటారు.

ఇది వాడి తప్పు కాదని ఈ మధ్యనే అనిపిస్తోంది. అదే ఏడాది ఒక శుక్రవారం ఆఫీసులో టీమంతా బిర్యానీకి వెళ్ళారట. బల్ల నిండా మటను, పక్కన హలీము. మా వాడు పెరుగన్నం తెప్పించుకున్నాడు. ఒంట్లో బాగాలేదా అని ఒకడు, డైటా అని ఇంకొకడు, వెజ్ అమ్మాయి కోసమా అని మూడోవాడు. "మా తపస్కాలం" అని చెబితే అదేంటని నాలుగోవాడు. వీడు నవ్వి ఊరుకుని తినేసి వచ్చాడు. ఈ సంగతి వాడు నాకు చెప్పలేదు, వాళ్ళమ్మ చెప్పింది. నా కుర్రతనంలో నన్ను ఎవరూ ఆ పరీక్షలో కూర్చోబెట్టలేదు. మా వీధిలో శుక్రవారం మాంసం వండాలంటేనే ధైర్యం కావాలి. మానడానికి ఏ ధైర్యమూ అక్కర్లేదు. ఊరు మోసుకెళ్ళిన తపస్సు మాది. వాడిది పీజీ హాస్టల్ గదిలో, నలుగురు వేరే మతాల కుర్రాళ్ళ మధ్య ఒంటరిగా మోస్తున్నది. అందుకే బెల్లం ముక్క దగ్గర జారుతున్నాడు.

మరి ఆ పిల్లలకి నగరంలో మనమేం ఏర్పాటు చేశాం? పెద్దవాళ్ళని కూడా తిట్టాలి. కిందటి తపస్కాలంలో నేను హైదరాబాదులో మా అమ్మాయింట్లో ఉండి, శుక్రవారం దగ్గర్లోని గుడికెళ్ళాను. సిలువ మార్గం సాయంత్రం అయిదున్నరకి. వచ్చిందెవరంటే నాలాంటి ముసలివాళ్ళు, నాలుగైదుగురు మఠకన్యలు, కొందరు బడిపిల్లలు. ఆరున్నరకల్లా దీపాలార్పి తాళం వేశారు. మా వాడు ఆఫీసు నుంచి బయటపడేదే ఏడున్నరకి, గచ్చిబౌలి ట్రాఫిక్ దాటి గుడికొచ్చేసరికి గేటుకి గొలుసు. ఇంకేం చేస్తాడు, మెట్రోలో యాప్ పెట్టుకుంటాడు. పొలం పని అయ్యాకే కదా మా ఊళ్ళో సిలువ మార్గం పెట్టింది? ఫాదరుగారు మా కోతల్ని చూసి వేళ మార్చేవారు, మిరపతోటలు ఆయన వేళకి మారలేదు. యువత గుడికి రావడం లేదని ప్రసంగాల్లో బాధపడేవాళ్ళు ఒకసారి నోటీసుబోర్డు మీద తాము రాసిన వేళలు చదువుకోవాలి.

విచారణ గురువులకీ, విచారణ పెద్దలకీ నా మనవి ఒకటే. పవిత్ర శుక్రవారం ఎలాగూ సెలవు, దాన్ని వదిలేద్దాం. మిగిలేవి ఆరు శుక్రవారాలు. ఆ ఆరు రోజులూ రాత్రి ఎనిమిదిన్నరకి ఇంకో సిలువ మార్గం పెట్టండి. సిలువ ఆ కుర్రాళ్ళ చేతికే ఇవ్వండి, తుమ్మకర్రదైతే మరీ మంచిది. అయ్యాక గుడి వెనక వరండాలో కూర్చోబెట్టి తలా ఒక గిన్నె గంజి, ఇంత మామిడికాయ పచ్చడి. కాచడం, వడ్డించడం, గిన్నెలు కడగడం మా ముసలివాళ్ళం చూసుకుంటాం. బియ్యం మేమే తెస్తాం. మీరు గేటు మాత్రం తీసి ఉంచండి.