స్పీకరు వైరు కథ

ఇది ఒక రెండు కోర్ల రాగి వైరు కథ. ఒక్కో కోరులో పావు మిల్లీమీటరు మందమున్న పోగులు 30. ఆ 30 కలిస్తే సుమారు 1.5 చదరపు మిల్లీమీటర్లు. రాగి కడ్డీని అంతకంతకూ సన్నని రంధ్రాల గుండా లాగగా ఈ పోగులు పుట్టాయి. ఒంటి తీగ పదేపదే వంగితే విరుగుతుంది, పోగుల వైరు ఓర్చుకుంటుంది. అందుకే పోగులన్నీ మెలిపెట్టి పైన పీవీసీ తొడిగారు.

ఎలక్ట్రికల్ కొట్లో పక్క అరలో దీని జాతివే సన్నవీ లావువీ ఉండేవి. వాటిలో సన్నవాటిని ఇప్పటికీ కొందరు 23/76, 40/76 అని పాత పేర్లతో అడుగుతారు. మొదటి అంకె పోగుల సంఖ్య. రెండోది ఒక్కో పోగు మందం, అంటే అంగుళంలో 0.0076 వంతు. లెక్క కడితే 23/76 సుమారు 0.67 చదరపు మిల్లీమీటర్లు, 40/76 సుమారు 1.17.

అదే అరలో రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కూడా ఉండేది. చూపుకు రాగే, ధర తక్కువ, చేతిలో తేలిక. కానీ దాని నిరోధం రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. అనుమానమొస్తే ఒక పోగును బ్లేడుతో గీకాలి. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియమే.

ఈ వైరును కొన్నది ఒక రైల్వే ప్లాట్‌ఫామ్ మైకు సెట్టు కోసం. స్పీకర్లు దూరదూరంగా ఉన్నచోట శత్రువు నిరోధం. వైరులో వేడిగా పోయే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఈ వైరు 100 మీటర్లు వేస్తే పోను, రాను కలిపి నిరోధం సుమారు 2.7 ఓములు. చివర 8 ఓముల స్పీకరు పెట్టి, దానికి 100 వాట్లు అందించాలంటే 3.5 ఆంపియర్లు పారాలి. అప్పుడు 33 వాట్లు దారిలోనే వేడైపోతాయి. అవే 100 వాట్లను 100 వోల్టుల లైనులో పంపితే పారేది ఒక్క ఆంపియరు, పోయేది 3 వాట్లలోపు. అందుకే పెద్ద ఏర్పాట్లలో ఆంప్లిఫయరు 100 వోల్టులు పంపుతుంది. ప్రతి స్పీకరు దగ్గరా ఉన్న లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మరు దాన్ని తగ్గించి, తగిలించిన ట్యాపింగ్ (వాట్లు ఎంచుకునే కొన) మీద రాసినన్ని వాట్లే తీసుకుంటుంది. అమెరికాలో 70 వోల్టుల లైను వాడుక, మన దగ్గర 100.

24 బోగీల బండి ఆగాలంటే సుమారు 600 మీటర్ల ప్లాట్‌ఫామ్ కావాలి. అక్కడ 15 మీటర్లకొకటి చొప్పున 40 స్పీకర్లు, ఒక్కోటి 6 వాట్ల ట్యాపింగ్ మీద పెట్టారు. మొత్తం 240 వాట్లు. 20 శాతం మిగులు ఉంచుకుని 300 వాట్ల ఆంప్లిఫయరు సరిపోయింది. మొదటి ఆలోచన ఒక చివరి నుంచి మరో చివరికి ఒకే లైను లాగడం. అలా చేస్తే చివరి స్పీకరు దగ్గరికి చేరేసరికి 19 వోల్టులు పడిపోతాయి. దూరాన నిలబడ్డ ప్రయాణికుడికి ప్రకటన కాస్త నీరసంగా వినిపిస్తుంది. లావు వైరు కొనాలా? ఆ ఖర్చు అక్కర్లేకుండా ఆంప్లిఫయరును ప్లాట్‌ఫామ్ మధ్య గదిలో పెట్టి, ఇటొక లైను, అటొక లైను లాగారు. ఒక్కో లైనులో పొడవూ సగమే, కరెంటూ సగమే కాబట్టి వోల్టేజి నష్టం నాలుగో వంతుకు దిగింది. అంటే 5 వోల్టులలోపే. అంత తేడాను చెవి పసిగట్టదు.

పరిమాణం తేలాక తొడుగు వంతు వచ్చింది. ఎండ తగిలేచోట పీవీసీ పెళుసెక్కుతుంది కాబట్టి అక్కడ అతినీలలోహిత కిరణాలకు ఆగే నల్ల తొడుగు కావాలి. భూమిలో పూడ్చేచోట ఆర్మర్డ్ కేబుల్ వేయాలి. జనం కిక్కిరిసే భవనాల లోపల తక్కువ పొగ విడిచే తొడుగు, అగ్నిప్రమాద ప్రకటనల లైనుకు మంటల్లోనూ కొంతసేపు పనిచేసే ప్రత్యేక కేబుల్ కావాలి.

బిగింపులోనూ పద్ధతి ఉంది. ప్రతి స్పీకరుకూ ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే పడాలి. పక్కపక్క స్పీకర్లలో ఒకటి తిరగబడితే రెండింటి మధ్య నిలబడ్డవారికి గొంతు పలచబడుతుంది. మైకు వైరుకు షీల్డు ఉండాలి, స్పీకరు వైరుకు అక్కర్లేదు. ఆ రెండింటినీ ఒకే పైపులో లాగకూడదు. 100 వోల్టులు షాక్ కొడతాయి కాబట్టి ప్రతి జాయింటూ పెట్టెలోనే ఉండాలి.

స్పీకరు వైరును ఎంచడానికి వరస ఒకటుంది. ముందు లైను వోల్టేజి, ఆపైన మొత్తం వాట్లు, ఆంప్లిఫయరు ఉండే చోటు, పొడవు. ఇవి తేలితే వైరు మందం లెక్కలోంచి దానంతటదే వస్తుంది. ధర, బ్రాండు చూడాల్సింది ఆ తర్వాతే.